నాన్న రెండో మారుమనస్సు

మా నాన్న రెండుసార్లు మారుమనస్సు పొందాడు. మొదటిది ఊరందరికీ తెలుసు. శబరి నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు, చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో నిలబడి సాక్ష్యం చెప్పాడు, జనం చప్పట్లు కొట్టి పాటలు పాడారు. రెండోదానికి పాటల్లేవు, చప్పట్లు లేవు. దాన్ని మొదట్నుంచీ చూసినవాళ్ళం ఇంట్లోవాళ్ళం మాత్రమే. ఇప్పుడు వాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ మధ్య మా చర్చిలో ఎవరు లేచి సాక్ష్యం చెప్పినా ఒకటే వరస. ఏడ్చాను, ప్రభువు క్షమించాడు, నెల తిరక్కుండా బోరులో నీళ్ళు పడ్డాయి, కోడలు నీళ్ళోసుకుంది. ఆదివారం ఏడిస్తే సోమవారానికి ఆశీర్వాదం గుమ్మంలో దిగుతుందన్నట్టు చెబుతారు. వాళ్ళ బోరులో నీళ్ళు పడితే నాకూ సంతోషమే. కానీ వింటూ కూర్చుంటే ఒళ్ళు మండుతుంది. మా నాన్నకు తొమ్మిదేళ్ళు పట్టింది.

మా ఊరు మరైగూడ నుంచి ఒక పూట నడక. అప్పుడది బస్తర్ రాజ్యం. రాజుగారు ఎక్కడో జగదల్‌పూర్‌లో ఉండేవారు, మాకు ఆయనకన్నా భద్రాచలమే దగ్గర. ఇంట్లో తెలుగు, పొలంలో దోర్లీ, సంతలో హల్బీ, జంగల్ సిపాయి వస్తే వచ్చీరాని హిందీ. మా అమ్మ మేకల్ని దోర్లీలో తిట్టేది, మమ్మల్ని తెలుగులో తిట్టేది. ఎవరిని తిడుతోందో వంటింట్లోంచి చూడకుండానే తెలిసిపోయేది.

మా మేనత్త, అంటే నాన్నకు అక్క, మా వాకిట్లోనే ఉండేది. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోతే తిరిగొచ్చి, మా ఇంటికి ఎదురుగా గుడిసె వేసుకుంది. ఆమె తలుపు తీస్తే మా తలుపు కనిపించేది. రోజుకు యాభైసార్లు అక్కణ్ణుంచే నాన్నను పిలిచేది. "తమ్మీ, నిప్పున్నదా? తమ్మీ, గొడ్డలి ఇటియ్యి. తమ్మీ, ఆ కోడిని కొట్టు." నాన్న ఏ పనిలో ఉన్నా "ఆఁ అక్కా" అనేవాడు. ఆ పిలుపూ ఆ జవాబూ మా వాకిట్లో కోళ్ళ అరుపుల్లాగా ఎప్పుడూ వినిపిస్తూనే ఉండేవి, మేమెవరం పట్టించుకునేవాళ్ళం కాదు.

మా నానమ్మ పోయేముందు ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని పొలం కొడుక్కి, పొలం గట్టు మీది ఇప్పచెట్టు కూతురికి ఇచ్చింది. మా వైపు అది వింత కాదు. భూమి ఒకరిదీ దాని మీది చెట్టు ఇంకొకరిదీ కావచ్చు. ఎవరి ఇప్పచెట్టు ఏదో ఊళ్ళో పాకే పిల్లలు తప్ప అందరికీ తెలుసు. ఇంకొకరి చెట్టు కింద పువ్వు ఎవరూ ముట్టరు. పొలానికి వానలు రాకపోవచ్చు గానీ ఇప్పచెట్టు మాత్రం పూయడం మానదని, ఒంటరి ఆడదానికి అదే గట్టి ఆస్తి అని నానమ్మ అనుకుని ఉంటుంది.

నిజంగానే అత్త ఆ చెట్టు మీదే బతికింది. మాఘం చివర్లో చెట్టు కింద ఆకులు ఊడ్చి, పోగేసి కాల్చేది. ఫాల్గుణంలో తెల్లవారుజామునుంచే పువ్వు రాలడం మొదలయ్యేది. తెల్లగా, బరువుగా, రసంతో నిండి, టపటపా పడేది. నేనూ అత్తా తట్టలు పట్టుకుని వంగి ఏరుతుంటే ఎండ నడినెత్తికి వచ్చేసరికి నడుములు పట్టుకుపోయేవి. "ఏందే కోడలా, అప్పుడే ముసలిదానివైనవా?" అని నన్ను ఏడిపించేది. ఆ పువ్వును పేడతో అలికిన నేల మీద ఎర్రగా ఎండబెట్టి గాదెలో దాచేది. కొంత సంతకు తీసుకెళ్ళి ఉప్పు తెచ్చుకునేది. ఆషాఢ శ్రావణాల్లో బియ్యం అడుగంటితే ఆ పువ్వునే చింతగింజలతో ఉడకబెట్టి తనూ తినేది, మాకూ పెట్టేది. ఆ తీపీ ఆ జిగురూ ఇప్పటికీ నా నాలుక మీద ఉన్నాయి. అంతకన్నా మంచి తిండి తర్వాత చాలా తిన్నాను, దేన్నీ అంతగా తలుచుకోలేదు.

అత్త సారా కాచేది కాదు. నాన్న కాచేవాడు. ఆమె ఆరబెట్టిన పువ్వులోంచి ఏటా రెండు మూడు గంపలు మాయమయ్యేవి. ఎవరు తీశారో ఆమెకు తెలుసు, తిట్టేది, మర్నాటికి మర్చిపోయేది. నాన్న తాగితే కొట్టే మనిషి కాదు. నవ్వేవాడు, పాడేవాడు, చెప్పిన పని మరిచి ఎక్కడ పడితే అక్కడ నిద్రపోయేవాడు. దానివల్లే ఆ రోజు అంత పని జరిగింది.

నా తమ్ముడికి అప్పటికి ఏడాది నిండలేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. నది అవతల మందులిచ్చే దొరసాని ఉండేది. మందు తెస్తానని నాన్న పొద్దున్నే బయల్దేరాడు. మధ్యాహ్నమైనా రాలేదు. అత్త ఇంక ఆగలేక తమ్ముణ్ణి వీపున కట్టుకుని తనే నడిచింది. రేవు దగ్గర చెట్టు నీడలో నాన్న తాగి ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. అత్త ఆయన్ని లేపలేదు, దాటుకుని వెళ్ళి పడవెక్కింది. తమ్ముడు బతికాడు. నాన్న మాత్రం చాలా రోజులు ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

ఆ తర్వాత కొద్ది నెలలకే గోదావరి వైపు నుంచి సువార్త చెప్పే ఒక అయ్యగారు మా పల్లెలకు రావడం మొదలుపెట్టారు. నెమ్మదస్తుడు, సన్నగా ఉండేవారు, నడిచి నడిచి కాళ్ళు పగిలి ఉండేవి. తాటాకు పాక కింద ఆయన ప్రార్థన చేస్తుంటే నాన్న నేల మీద బోర్లా పడి ఏడ్చాడు. నేను చూశాను. అది నటన కాదు. ఇప్పటికీ ఎవరైనా అది ఉత్తదే అంటే ఒప్పుకోను. అమ్మా నాన్నా ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. అత్త తీసుకోలేదు. "నా దేవతలు నాకున్నరు. నువ్వు తాగుడు మానితే అదే చాలు నాకు, తమ్మీ" అంది.

బాప్తిస్మమైన మూడోరోజు నాన్న గొడ్డలి నూరుకుని పొలం గట్టుకు వెళ్ళాడు. ఇప్పచెట్టు మొదట్లో మొదటి దెబ్బ వేశాడు. అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏందయ్యా, పిచ్చి లేసిందా? ఇప్పచెట్టును నరుకుతరా ఎవరన్న?"

"ఇది ఉన్నన్ని రోజులు పాల్గుణమొస్తే నా ముక్కు నా మాట ఇనదు. ఉండొద్దు ఇది."

"అది వదినెది. అత్తమ్మ ఇచ్చింది."

"దేవునికంటె మా అక్క ఎక్కువయిందా నీకు?"

మా దేశంలో ఆకలేసినవాడు కూడా ఇప్పచెట్టు మీద గొడ్డలి వెయ్యడు. దోర్ల ముసలాయన ఒకడు అటు పోతూ ఆగి, చూసి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు, శవం పక్కనుంచి వెళ్ళినట్టు. రెండు రోజులు పట్టింది. రెండోరోజు సాయంత్రం చెట్టు పడిన చప్పుడుకు పాకలో మేకలు కట్లు తెంచుకున్నాయి.

అత్త ఊళ్ళో లేదు. పోయిన మొగుడి వైపు చుట్టాల పెళ్ళికి దోర్నపాల్ దగ్గరికి వెళ్ళింది. నాలుగో రోజు మా కోసం కొంగులో బెల్లం ముక్క కట్టుకుని వచ్చింది. పొలం దారిలోనే చెట్టు కనిపించి ఉంటుంది. మేము వెళ్ళేసరికి పడిన కొమ్మల మధ్య కూర్చుని ఒక మొగ్గల గుత్తి తుంచి, మొగ్గను గోటితో చీల్చి లోపల చూస్తోంది.

"పదిహేను దినాలైతే రాలుతుండె" అంది. తర్వాత తలెత్తి నాన్నను చూసింది. "అమ్మ ఇచ్చిందని యాదికి రాలేదా నీకు?"

నాన్న దేవుడి కోసమనీ, పాపం పోవాలనీ ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. బెల్లం ముక్క నా చేతిలో పెట్టి లేచింది. మర్నాడు తన గుడిసె తలుపు ఊడదీసి, ఆ సందును తడికతో మూసి మట్టి మెత్తింది. వెనక గోడకు కంత కొట్టి తలుపు అటు పెట్టుకుంది. ఆ రోజునుంచి మా గుమ్మంలో నిలబడితే ఎదురుగా గోడ కనిపించేది. నాతో, అమ్మతో మామూలుగానే మాట్లాడేది. నాన్నతో చెప్పాల్సింది ఉంటే "మీ నాయనకు చెప్పు" అనేది. తమ్మీ అనే మాట మా వాకిట్లోంచి పోయింది. అది పోయిన తర్వాతే అక్కడ అది అన్నాళ్ళూ ఉందని నాకు తెలిసింది.

నాన్న మాత్రం ఆ ఏడంతా ఊరూరా సాక్ష్యం చెప్పాడు. పాపపు చెట్టును నరికానని చెబితే జనం స్తోత్రం అనేవారు. చిన్నదాన్ని, నేనూ గర్వంగా పక్కన నిలబడేదాన్ని. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గే. ఆశీర్వాదం వస్తుందని నాన్న ఎదురుచూశాడు. వానలు ఆలస్యమయ్యాయి. శ్రావణంలో బియ్యం అయిపోయాయి, గాదెలో పువ్వు లేదు. అడవి ఆకుకూరలు, వెదురు కొమ్ములు ఉడికించుకుని తిన్నాం. అత్త ఏం తిందో తెలియదు. ఒకరోజు ఆమె గుడిసె వెనక్కి వెళ్తే అడవి దుంపలు చేదు పోవడానికి నీళ్ళలో నానబెట్టి, అవి నానేదాకా పక్కనే పడుకుని ఉంది. లేవడానికి ఓపిక లేక పడుకుందని నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ సంగతి ఇంట్లో చెబితే నాన్న ముద్ద వదిలేసి బయటికి పోయాడు.

నది తగ్గాక కార్తీకంలో అయ్యగారు వచ్చారు. నాన్న ఆయన్ని నిలదీశాడు. తాగుడు మానాను, చెట్టు నరికాను, ఆశీర్వాదమేదీ అని. అయ్యగారు ఆ మోడు చూపించమన్నారు. అందరం వెళ్ళాం. ఆయన దాని చుట్టూ తిరిగి, "ఈ చెట్టు ఎవరిది తమ్ముడూ?" అని అడిగారు.

"పొలం నాదే అయ్యగారూ. చెట్టు అయితే... మా అమ్మ అక్కకిచ్చింది."

అయ్యగారు గట్టు మీద కూర్చున్నారు. "దేవుడు నీదేదో అడిగాడు. నువ్వు మీ అక్కగారిది తీసి ఇచ్చావు" అన్నారు. "నాదీ తప్పే. నాలుగు ఊళ్ళలో నిన్ను మెచ్చుకున్నాను, ఈ ఒక్క ముక్క అడగలేదు."

నాన్నను అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు ఏడవలేదు. మొదటిసారి ఏడ్చినవాడు రెండోసారి ఏడవలేదని నేను గమనించింది ఆ రోజే. నేరుగా అత్త గుడిసె వెనక్కి వెళ్ళి తలుపు బయట కూర్చున్నాడు.

"తప్పయింది అక్కా. మాఫీ చెయ్యి."

లోపల్నుంచి అత్త అంది: "మీ దేవుడు మాఫీ చేసిండంటగా. ఊరూరా చెప్తున్నవు. ఇంక నాతోని పనేంది?"

దానికి ఏ బోధకుడి దగ్గరా జవాబు ఉండదనే నా నమ్మకం.

ఆ మోడునుంచి చిగుళ్ళు వచ్చాయి. నాన్న ఒక గట్టి పిలకను ఉంచి మిగిలినవి కోసేశాడు, చుట్టూ ముళ్ళకంప కట్టాడు. ఎండాకాలమంతా వాగునుంచి కావడితో నీళ్ళు మోశాడు. మేకలు దాని మీద కన్నేసి ఉండేవి, నాన్న మేకల మీద కన్నేసి ఉండేవాడు. కానీ ఇప్పచెట్టు పూతకు రావాలంటే ఏళ్ళు పట్టాలి. అక్క ఈ శ్రావణానికేం తినాలి? అప్పుడు ఆయనకు తోచిన పని చూసి అమ్మ హడలిపోయింది. మా దగ్గర చెట్లు ఎక్కువున్నవాళ్ళు పువ్వు ఏరిపెట్టినవాళ్ళకు సగం ఇస్తారు. నాన్న ఊళ్ళో ముగ్గుర్ని అడిగి వాళ్ళ చెట్ల కింద ఏరడానికి కుదుర్చుకున్నాడు.

ఏ వాసన నుంచి పారిపోవాలని చెట్టు నరికాడో, రోజూ పొద్దున్నే ఆ వాసన మధ్యలో మోకాళ్ళ మీద కూర్చోవాలి. పక్క చెట్ల కింద జనం కుండలు పెట్టి కాస్తూనే ఉంటారు, రమ్మని పిలుస్తూనే ఉంటారు. అమ్మ నన్ను కాపలా పంపింది. నాన్న గొంతు చించుకుని పాటలు పాడుతూ ఏరేవాడు. ఒక్కొక్కసారి పాట ఆగిపోయేది. చేతిలో పువ్వు పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు, ముక్కుపుటాలు అదిరేవి. "నాయనా, పాడు" అనేదాన్ని. మళ్ళీ పాడేవాడు. ఆయన గొంతు ఏమంత బాగుండదు, కానీ అంత మంచి పాట నేను ఏ చర్చిలోనూ వినలేదు.

మా వాటా పువ్వంతా గంపకెత్తి అత్త తలుపు దగ్గర పెట్టేవాడు. మొదటి ఏడు ఆమె ముట్టలేదు. ఎవరిదో ఎద్దు వచ్చి తినిపోయింది. నాన్న మర్నాడు ఇంకో గంప పెట్టాడు. ఎద్దుకు అలవాటైపోయి పొద్దున్నే వచ్చి నిలబడేది. రెండో ఏడు గంప ఖాళీగా తిరిగొచ్చేది, మాట మాత్రం లేదు. మూడో ఏడు ఒకరోజు మబ్బు పట్టింది. నాన్న తొందరలో సగం ఎండిన పువ్వునే గంపలో కుక్కి పెట్టి వచ్చాడు. కాసేపటికి గుడిసె వెనకనుంచి అరుపు.

"ఇట్లనే ఎండబెడ్తరా? తడి తడిగ కుక్కుతరా ఎవరన్న? నాలుగు దినాలకు బూజు పట్టి పురుగులైతయి! నీకు చేతులున్నయా, కట్టెలున్నయా? అమ్మ ఏం నేర్పింది నీకు?"

నాన్న పొలంలో ఉన్నాడు. ఆ అరుపు వినగానే చేతిలో పార కింద పడేసి నిలబడ్డాడు. అత్త ఆపకుండా తిడుతూనే ఉంది, చాప పరిచి పువ్వు ఆరబోస్తూ తిడుతోంది. నాన్న వెళ్ళి చాప రెండో కొస పట్టుకున్నాడు. ఆమె వద్దనలేదు. ఇంటికొచ్చి అమ్మతో, "తిట్టిందే, నన్నే తిట్టింది" అని చెబుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. మూడేళ్ళుగా ఆపుకున్నదంతా అప్పుడే వచ్చింది.

అప్పట్నుంచి మాటలు నడిచాయి. పనిమాటలే. "ఓయ్, ఆ గంప ఇటు పెట్టు" అనేది. తమ్మీ అని మాత్రం అనలేదు. నాన్న అడగలేదు, కానీ ఎదురుచూసేవాడని నాకు తెలుసు. ఆమె పిలిచినప్పుడల్లా పిలుపు చివరిదాకా విని, తర్వాతే కదిలేవాడు. నాకు పెళ్ళయి తర్లగూడ వైపు వెళ్ళిపోయేనాటికి కూడా అదే పరిస్థితి.

తొమ్మిదో ఏట ఫాల్గుణంలో చంటిపిల్లతో పుట్టింటికి వచ్చాను. పిలక అప్పటికి నాకు రెండింతల ఎత్తు పెరిగింది. ఆ వారమే మొదటిసారి పూసింది. చూపు మందగించిన అత్తను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. నేల తడిమి తడిమి ఏరింది, దోసెడు కంటే ఎక్కువ లేవు. కొత్త పువ్వు తన దేవతకు పెట్టందే ఆమె నోట్లో వేసుకోదు. దానికి సగం తీసి పెట్టింది. మిగతా సగం ఆకులో చుట్టి నాన్న చేతికిచ్చింది.

"ఇది మీ దేవునికి పెట్టు. నా కాడికి నిన్ను తోలింది ఆయనే గద."

మా ప్రార్థన పాకలో ఏ పంటయినా మొదటి పిడికెడు ఆదివారం తెచ్చి ముందు పెట్టేవాళ్ళం. ఇప్పపువ్వు మాత్రం ఎవరూ తెచ్చేవాళ్ళు కాదు, అది సారాకు పుట్టిల్లని పెద్దల పట్టింపు. ఆకు విప్పగానే వాసన పాకంతా వ్యాపించింది. సంఘపెద్ద ఒకాయన, "అది ఇక్కడ పెట్టరాదు" అని లేచాడు. అయ్యగారు అప్పటికి ముసలివారయ్యారు. ఆకును తనే అందుకుని, వడ్లకూ కందులకూ మధ్యలో పెట్టి, "ఏదైనా చెప్తావా తమ్ముడూ?" అని నాన్నను అడిగారు.

ఎనిమిదేళ్ళుగా సాక్ష్యం చెప్పని మనిషి లేచాడు. "ఇప్పచెట్టు నరికిన్నని మీకందరికి చెప్పిన. అది మా అక్క చెట్టని చెప్పలే. మారుమనసు పొందినంక నీకేం ఆశీర్వాదం దొరికిందని మీరు అడిగేటోళ్ళు. మూడో ఏడు మా అక్క నన్ను తిట్టింది. నాకు దొరికింది అదే." ఇంకేమీ చెప్పకుండా కూర్చున్నాడు. ఎవరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు తల వంచి ప్రార్థన మొదలుపెట్టారు.

అప్పుడు పొలం వైపునుంచి అత్త గొంతు వినిపించింది. "తమ్మీ! ఓ తమ్మీ! మేకలొచ్చినయి చెట్టు కాడికి!"

నాన్న కళ్ళు తెరిచాడు. "ఆఁ అక్కా!" అని పాక అదిరేలా అరిచి, ప్రార్థన మధ్యలోనే లేచి పరుగెత్తాడు. అయ్యగారు ఆమేన్ అనేసరికి ఆయన గట్టు మీదున్నాడు.